నాలుగు నెలలుగా మీరు ఇవ్వని జవాబు గురించి

విషయం: నేపాల్‌లోని అన్నపూర్ణ సర్క్యూట్ పాదయాత్ర రద్దు

అయ్యా,

మీ యాత్రల సంస్థ మా యాత్ర రద్దు చేసిందని ఈ ఉత్తరం రాయడం లేదు. కొండల్లో వాన, మంచు ఎవరి చేతుల్లోనూ ఉండవు. ఆ తరువాత మీరు మమ్మల్ని చూసిన తీరుకే నా కోపం.

అక్టోబరులో బయలుదేరాలి. బెసిసహర్ నుంచి మర్స్యాంగ్డి లోయ వెంట పైకెక్కి, 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దాటి, ముక్తినాథ్‌లో దిగి, కాళీగండకి లోయ పట్టుకుని వెనక్కి రావాలి. రెండు లోయల పాత బాటలను కనుమ కలపబట్టే అది చుట్టుదారి అయింది. నూట ఎనిమిది వైష్ణవ దివ్యదేశాల్లో ఒకటైన ముక్తినాథ్‌కు నడిచే వెళ్లాలని మావారి కోరిక. ఆరు నెలలు తెల్లవారుజామునే పెద్దచెరువు గట్టు మీద, ఆదివారాలు రామతీర్థం కొండ మీద, సంచిలో 8 కిలోల బియ్యం వేసుకుని నడిచారు.

బయలుదేరడానికి ఆరు రోజుల ముందు రెండు వాక్యాల సందేశం పంపారు. కారణం రాయలేదు. ఫోను చేస్తే ఒక అమ్మాయి "రెండు రోజుల్లో మేమే చేస్తాం మేడమ్" అంది. చేయలేదు. వారం తరువాత ఒకాయన ఖాట్మండు ఆఫీసును అడగమన్నాడు. ఆయన ఇచ్చిన నంబరు పనిచేయదు. మూడో ఆయన, నేను మొదటినుంచి అంతా చెప్పాక, "బేస్ క్యాంపు యాత్రే కదా?" అన్నాడు. అది వేరే యాత్ర; బేస్ క్యాంపుకు వెళ్లేవాళ్లు వెళ్లిన లోయలోనే తిరిగొస్తారు. మీరు అమ్మే యాత్ర ఏదో మీవాళ్లకే తెలియకపోతే మేం ఎవరిని అడగాలి? నాలుగోసారి 22 నిమిషాలు పాట వినిపించి లైను కట్ చేశారు. ఆ 22 నిమిషాలూ మావారు ఎదురు కుర్చీలో కూర్చుని నా ముఖమే చూశారు.

2019లో కేదార్‌నాథ్, 2022లో హంప్టా కనుమ మీతోనే వెళ్లాం. నా మాట నమ్మి మా వీధిలో మరో రెండు కుటుంబాలు మీకు డబ్బు కట్టాయి. ఇప్పుడు వాళ్లకు ఎదురుపడాలంటే నాకు సిగ్గుగా ఉంది.

సొమ్ము తిరిగి ఇస్తారో, ఏప్రిల్‌లో తీసుకెళ్తారో తరువాత మాట్లాడుకుందాం. ముందు తన పేరు చెప్పుకుని, జరిగినదానికి జవాబు చెప్పే మనిషి ఫోను చేయాలి. పదిహేను రోజులు చూస్తాను. ఆపైన విజయనగరంలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. రసీదులు, ఫోను చేసిన తేదీలు, వేళలు అన్నీ నోటుపుస్తకంలో ఉన్నాయి. ముప్ఫై ఏళ్లు బడిలో హాజరుపట్టీ రాసినదాన్ని, ఒక్క తేదీ కూడా తప్పిపోలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
విజయనగరం