సర్పంచ్ కుర్చీ మళ్లీ ఖాళీగా ఉండొద్దు

తెలంగాణ రాష్ట్ర పంచాయతీరాజ్ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా ఊరి పంచాయతీ ఆఫీసు ముందు చెత్త ట్రాక్టర్ ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు తీరి ప్రత్యేకాధికారుల పాలన వచ్చాక, అది డీజిల్ దొరికిన రోజే ఊళ్లో తిరిగేది. ఒకసారి పంచాయతీ లెక్కలు చూసే సిబ్బంది, కారోబార్, తన డబ్బులు పెట్టి పోయించాడు. ఆ బిల్లు కాగితం నెలల తరబడి అతని చొక్కా జేబులోనే నలిగి మెత్తబడింది. సంతకం పెట్టాల్సిన ప్రత్యేకాధికారికి సొంత శాఖ పని ఒకటి, మా ఊరితో పాటు ఇంకో రెండు ఊళ్లు. ఆయన మంచి మనిషే, వచ్చిన రోజు ఓపిగ్గా వినేవారు. కానీ రాత్రిపూట మంచినీళ్ల మోటారు కాలిపోతే వెళ్లి తలుపు కొడదామంటే ఆయన ఇల్లు మా ఊళ్లో లేదు కదా.

2025 డిసెంబరులో మూడు విడతల్లో ఎన్నికలు పెట్టారు, 22న కొత్త పాలకవర్గాలు ప్రమాణం చేశాయి. సంతోషం. కానీ గడువు తీరకముందే ఎన్నిక అయిపోవాలని రాజ్యాంగంలో 243ఈ అధికరణం ఉంది. మనకు దాదాపు 23 నెలలు ఆలస్యమైంది.

తప్పంతా మీ ప్రభుత్వం మీదే వేయను. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో గడువు తీరితే 2013 జూలై దాకా ఎన్నికల్లేవు. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో తీరిన గడువుకు 2021 ఫిబ్రవరిలో గానీ మోక్షం రాలేదు. పార్టీలు మారాయి, రాష్ట్రమే రెండైంది, ఈ అలవాటు మాత్రం పోలేదు. అసెంబ్లీ ఎన్నికలు ఇలా రెండేళ్లు ఆపితే మీ పార్టీ ఊరుకుంటుందా?

నేను బీసీనే. పంచాయతీ ఎన్నికల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ కావాలని అడిగేవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ గడువు ఏ రోజు తీరుతుందో ఐదేళ్ల ముందే తెలిసినప్పుడు, కులాల లెక్క ఆ తర్వాత మొదలుపెట్టడమేంటి సార్? ఆ 42 శాతం జీవో 2025 సెప్టెంబరులో వచ్చింది, అక్టోబరులో హైకోర్టు స్టే ఇచ్చింది. చివరికి అన్ని రిజర్వేషన్లూ కలిపి 50 శాతం లోపే ఉంచి ఎన్నికలు జరిపారు. కోటా రాలేదు, కాలమూ పోయింది. ఎన్నికైన పాలకవర్గం లేదని ఈలోగా కేంద్రం ఇచ్చే 15వ ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి. మాజీ సర్పంచులు చేయించిన పనులకు రావాల్సిన పాత బిల్లుల గోల సరేసరి.

ఇప్పటి పాలకవర్గాల గడువు 2030 డిసెంబరులో తీరుతుంది. దానికి ఏడాది ముందే రిజర్వేషన్ల కసరత్తు పూర్తి కావాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఒక సెక్షన్ చేర్చండి. అప్పుడు కోర్టుకు ఎవరైనా వెళ్లినా తీర్పుకు టైం ఉంటుంది.

కారోబార్ డీజిల్ బిల్లు జిరాక్స్ దీంతో జత చేస్తున్నాను. అంకెలు కాస్త చెరిగాయి, వెలుగులో పెట్టి చూస్తే కనిపిస్తాయి.

ఇట్లు,
ఒక మాజీ వార్డు సభ్యుడు,
నల్లగొండ జిల్లా