టైరుకూ వయసుంటుంది

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం శంషాబాద్ దాటాక ఔటర్ రింగు రోడ్డు మీద మా కారు వెనక టైరు పేలింది. ఎవరికీ ఏం కాలేదు. స్టెప్నీ తీస్తే అందులోనూ గాలి లేదు! తప్పు నాదే. పైన అరుగుదల పెద్దగా లేదు కదా అని ధీమాగా ఉన్నాను. పంక్చర్ వేసే అబ్బాయి టైరు పక్కన అచ్చయిన నాలుగంకెలు చూపించాడు: 1416. అంటే 2016లో 14వ వారంలో తయారైందన్నమాట. ఆ అంకెల చుట్టూ సన్నని పగుళ్లు, ఎండిన చెరువు మట్టిలా. వారానికోసారి కారు కడుగుతాను, అవి ఒక్కసారీ నా కంటపడలేదు.

సొంత కారుకు 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించేదాకా ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు పొగ వరకే చూస్తారు. అన్నేళ్లూ టైర్లు, బ్రేకులు చూసుకోవాల్సింది మనమే.

గాలి తగ్గిన టైరు పక్కలు తిరిగినప్పుడల్లా వంగి వేడెక్కుతాయి. ఔటర్ మీద 100 దాటిన వేగంలో, మే నెల ఎండలో ఆ వేడి ఎంతుంటుందో ఊహించుకోండి. బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలి. మా మెహదీపట్నం వైపు నేను ఆగిన రెండు చోట్లా ‘మిషన్ పనిచేయదు’ అని అట్టముక్క వేలాడుతోంది. బంకుల్లో వీటిని బాగు చేయించాలి. ఔటర్ ఎక్కే టోల్ గేట్ల దగ్గరైనా గాలి పట్టే ఏర్పాటు చేయాలని అధికారులను కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, మెహదీపట్నం, హైదరాబాద్