కొత్త సంవత్సరానికి ముందు యిర్మీయా 32 చదువుదాం

అందరికీ వందనాలు. 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి ఒక్కో బైబిలు వచనం రాసి ఉన్న వాగ్దాన కార్డులు తీసుకుంటాం కదా. చాలామందికి యిర్మీయా ప్రవక్త గ్రంథంలోని 29:11, అంటే మీకు మంచి భవిష్యత్తు ఇస్తానని దేవుడు చెప్పిన వచనం వస్తుంది, వెంటనే స్టేటస్ పెట్టుకుంటాం. అది బబులోనుకు చెరపోయినవాళ్లకు రాసిన ఉత్తరంలోని మాట. దాని ముందు వచనంలోనే, 70 ఏళ్లు గడిచాకే వాళ్లను తిరిగి రప్పిస్తానని ఉంది. జనవరిలోనే అన్నీ సర్దుకుంటాయని దేవుడు చెప్పలేదు.

నన్ను ఎక్కువగా నిలబెట్టింది మాత్రం 32వ అధ్యాయం. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం. యిర్మీయా రాజుగారి చెరసాల ఆవరణలో బందీ. పట్టణం పడిపోతుందని ఆయనే ప్రకటించాడు. అలాంటప్పుడు చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి సొంతూరు అనాతోతులో పొలం కొనమంటాడు. మన చిత్తూరులో ఎవరైనా అలాంటి పొలం కొంటారా? యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షుల ముందు పత్రం రాయించాడు. చాలా కాలం పాడవకుండా మట్టికుండలో దాచమని తన లేఖకుడు బారూకుకు చెప్పాడు. ఈ దేశంలో ఇళ్లు, పొలాలు మళ్లీ కొంటారని దేవుడు చెప్పాడు, అంతే. కొన్న తర్వాత తన సందేహమూ ప్రార్థనలో దేవుని ముందే పెట్టాడు. అది నాకు ఎంతో ధైర్యం.

మామిడికి ధర లేక, పిల్లలకు ఉద్యోగాలు రాక టెన్షన్‌లో ఉన్న కుటుంబాలు మనలో ఉన్నాయి. 31 లోపు ఈ అధ్యాయం ఇంట్లో అందరూ వినేలా చదవండి. ప్రార్థన అవసరాలు ఇక్కడే రాయండి, ఆ రాత్రి పేరుపేరునా ప్రార్థిద్దాం.