ఏ పొగో చూడకుండానే జరిమానాలా?

సంపాదకులకు,

పొగ వదిలే వాహనాల తనిఖీల గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. హనుమకొండ చౌరస్తాలో కార్లు ఆపి రసీదులు రాశారు, సంతోషం. కానీ పొగ వచ్చిందంటే ఇంజిన్ పోయినట్టేనని చివర్లో ఇచ్చిన సలహా చూశాక ఊరుకోలేకపోయాను.

ఇంతకీ ఏ పొగ? చలికాలం పొద్దున పల్చటి తెల్ల పొగ వచ్చి, ఇంజిన్ వేడెక్కగానే పోతే అది ఉత్త నీటి ఆవిరి. చిక్కగా, ఆగకుండా వస్తూ రేడియేటర్‌లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తరుగుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే ఇంజిన్ పైభాగం కింద ఉండే సీలును అనుమానించాలి. అప్పుడు మాత్రం బండి పక్కన పెట్టాల్సిందే. నీలం పొగ అయితే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టు. స్టార్ట్ చేయగానే ఒకసారి వచ్చి ఆగితే చాలావరకు వాల్వ్ సీళ్లు అరిగినట్టు, రేజ్ చేసినంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. ఈ రెండు రిపేర్ల ఖర్చుకు నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

ఇక నల్ల పొగ. ఇంజిన్‌కు ఇంధనం ఎక్కువై గాలి చాలకపోతే వస్తుంది. మా బామ్మర్ది డీజిల్ కారుకు ఇదే వస్తే ఒక షెడ్డులో చూడకుండానే ఇంజిన్ దింపాలన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఆటోనగర్‌లో ఒక పాత మెకానిక్ సైలెన్సర్ గొట్టంలో వేలు తిప్పి చూశాడు. పొడి మసి అంటింది, జిడ్డు లేదు, అంటే ఆయిల్ కాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ విప్పి నేలకు కొడితే గుప్పెడు ఎర్ర దుమ్ము రాలింది. కొత్త ఫిల్టర్ వేసి, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు శుభ్రం చేయించాక పొగ పోయింది. ఆ దుమ్ము ఎక్కడిదో చెప్పాలా? పైపుల కోసమని తవ్వి, మొరం పోసి వదిలేసిన మన రోడ్లదే. రోడ్డు వేయనివాళ్లకు జరిమానా లేదు, ఆ దుమ్ము పీల్చిన కారుకు మాత్రం ఉంది!

పొల్యూషన్ సర్టిఫికెట్ల సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. పెట్రోల్ బండికి గొట్టంలో ప్రోబ్ పెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలవాలి. డీజిల్ బండికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పొగ సాంద్రత చూడాలి. మొన్న రోడ్డు పక్కన ఒక పొల్యూషన్ టెస్ట్ వ్యాన్ దగ్గర నా కారు ఇంజిన్ ఆపే ఉంది. నంబర్ ప్లేటు ఫొటో తీసి, డబ్బులు తీసుకుని, కాగితం చేతిలో పెట్టారు. బీఎస్-4, బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లకైతే ఆ కాగితం ఏడాది చెల్లుతుంది. పరీక్షే జరగని కాగితం ఏడాది చెల్లితేనేం, పదేళ్లు చెల్లితేనేం? చట్టంలో మాత్రం 2019 సవరణతో జరిమానా 10 వేల రూపాయల వరకు పెంచి పెట్టారు.

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ రోడ్డు మీద ఓవర్‌లోడ్ లారీల వెనక పది నిమిషాలు నడపండి, ముందున్న బండి నంబర్ కూడా కనపడదు. వాటిని ఆపేవాళ్లేరి? సర్కారు బండ్ల జోలికి వెళ్లే ధైర్యం ఎటూ లేదనుకోండి. దొరికేది చెప్పులంగడికి పోయొచ్చే చిన్న కారువాడే.

జరిమానా వేయొద్దని నేననడం లేదు. రసీదు మీద ఏ రంగు పొగ వచ్చింది, మెషీన్ రీడింగ్ ఎంత అని రెండు ముక్కలు రాయమనండి. అది పట్టుకుని మెకానిక్ దగ్గరకైనా పోతాం. నిజంగా మెషీన్ పెట్టే చూస్తున్నట్టయితే ఆ రెండు ముక్కలు రాయడానికి కష్టమేముంది?

– ఒక పాఠకుడు, హనుమకొండ