సంఘంలో చేరే విషయం

అందరికీ నమస్కారం. మొన్న తిరుపతిలో మన ఇంజనీర్ల సంఘం మీటింగ్ అయ్యాక ఇద్దరు తమ్ముళ్లు "సంఘంలో చేరితే ఏమొస్తుందన్నా?" అని అడిగారు. నా సంగతి చెబుతాను. రేణిగుంట దగ్గర సైటులో పునాది గుంటలో నీళ్లు ఊరి పని ఆగిపోయింది. ఒకటే టెన్షన్. సంఘం మీటింగులో టీ తాగుతూ ఆ మాట ఎత్తితే, ఒక రిటైర్డ్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారు ఆహ్వాన పత్రిక వెనకాల బొమ్మ గీసి, సంప్, అంటే ఊరిన నీళ్లన్నీ చేరే గుంట, ఎక్కడ తవ్వాలో చూపించారు. ఆ కాగితం ఇప్పటికీ నా డైరీలో ఉంది. తర్వాతి ఉద్యోగం కూడా ఆయన చెప్పిన మాట మీదే వచ్చింది.

1920లో మొదలైన మన ఈ సంఘం, ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్‌లో కార్పొరేట్ సభ్యులైతే, అంటే చదువు, అనుభవం చూసి ఇచ్చే పూర్తి స్థాయి సభ్యత్వం ఉంటే, అర్హత, అనుభవం ఉన్న ఇంజనీరని గుర్తించే చార్టర్డ్ ఇంజనీర్ సర్టిఫికెట్‌కు అప్లై చేసుకోవచ్చు. ఫీజు కట్టి ఊరుకుంటే లాభం లేదు, మీటింగులకు రావాలి. ఫారం నింపడంలో సాయం కావాలంటే ఆదివారం పొద్దున ఫోన్ చేయండి.