సొసైటీ లెక్కలు కొత్త సాఫ్ట్‌వేర్‌కు ఎక్కించే ముందు సభ్యుడికి చూపించండి

సంపాదకులకు నమస్కారం.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల లెక్కలను కొత్త ఈఆర్‌పీ (అన్ని పద్దులనూ ఒకేచోట నడిపే) సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే పని గురించి ఈ ఉత్తరం. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక సొసైటీలో గుమస్తాగా చేరి, కార్యదర్శిగా రిటైరయ్యాను. కంప్యూటర్లు వద్దనే మనిషిని కాను. రైతుల తరఫున ఒక్కటే అడుగుతున్నాను. పాత పుస్తకాలు మూసే ముందు ప్రతి సభ్యుడికీ తన అప్పు, వాటాధనం, డిపాజిట్ ఎంతెంత ఉన్నాయో రాసిన చీటీ ఇవ్వండి. అతను చూసి సరేనన్నాకే ఆ లెక్కను ఖాయం చేయండి.

దేశవ్యాప్తంగా 63 వేల సంఘాలను ఒకే సాఫ్ట్‌వేర్ మీదికి తెచ్చే ఈ పథకానికి 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అప్పటి అంచనా 2,516 కోట్ల రూపాయలు. అమలు బాధ్యత నాబార్డుది. సభ్యత్వం, పంట రుణాలు, బంగారం మీద అప్పులు, ఎరువుల స్టాకు, జమాఖర్చు అన్నీ ఒకేచోట కనపడితే మంచిదే. జిల్లా సహకార బ్యాంకుకు మేం కట్టాల్సినదానికీ, సభ్యులు మాకు కట్టాల్సినదానికీ మధ్య తేడా ఎక్కడొచ్చిందో వెతుక్కుంటూ ఆడిట్ ముందు రాత్రుళ్లు కూర్చున్నవాళ్లకు ఆ విలువ బాగా తెలుసు.

నా భయమంతా పాత లెక్క కొత్త చోటికి వెళ్లే దారి గురించే. మా లెడ్జర్లు తెరిచి చూస్తే అందులో అంకెలు మాత్రమే ఉండవు. 2008లో కేంద్రం మాఫీ చేసిన అప్పు ఒక ఎర్ర గీత కింద ఉంటుంది. 2014 తర్వాత రాష్ట్ర ప్రభుత్వం విడతలుగా జమ చేసిన రుణ ఉపశమనం పేజీ పక్క ఖాళీలో చిన్న అక్షరాలతో ఉంటుంది. తండ్రి చనిపోతే ఆయన అప్పు ఏ కొడుకు ఒప్పుకున్నాడో, వాటాధనం ఎవరి పేరు మీదికి మారిందో, దానికి ఏ తేదీ తీర్మానం ఆధారమో అదే పేజీలో రాసి ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్‌కు పంపే ఎక్సెల్ షీటులో వీటికి గడి లేదు. గడి లేనిదాన్ని డేటా ఎంట్రీ కుర్రాడు వదిలేస్తాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు, అతనికి చెప్పినవాళ్లు లేరు.

మా దగ్గర జరిగింది చెబుతాను. ఒకే ఊళ్లో ఇంటిపేరు, పేరు ఒకటే అయిన ఇద్దరు రైతులున్నారు. లెడ్జర్‌లో ఒకరి పేరు ముందు 'పెద', ఇంకొకరి పేరు ముందు 'చిన' అని ఉంటుంది. వివరాలు ఇంగ్లిష్‌లోకి ఎక్కించేటప్పుడు ఆ రెండక్షరాలూ పోయాయి. ఒకే మనిషి రెండుసార్లు వచ్చాడనుకుని ఎవరో రెండు ఖాతాలనూ కలిపేశారు. అప్పు తీర్చేసి రసీదు దాచుకున్న 'చిన' రైతుకు 'పెద' రైతు బకాయి మీద నోటీసు వెళ్లింది. డెబ్బై దాటిన మనిషి, ఊళ్లో ఎవరికీ బాకీ లేనని చెప్పుకునే మనిషి, నలుగురిలో ఆ నోటీసు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. తర్వాత సరిచేశారు. ఆయన పడ్డ అవమానాన్ని ఎవరు సరిచేస్తారు?

తేదీల సంగతి ఇంకా సున్నితం. 3 లక్షల వరకు పంట రుణానికి 7 శాతం వడ్డీ. గడువులోపు కడితే కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది, రైతు మీద పడేది 4 శాతమే. లక్ష అప్పు మీద ఏడాదికి 3 వేల రూపాయల తేడా అది. ఆ 3 వేలు వస్తాయో రావో తేల్చేవి అప్పు తీసుకున్న తేదీ, కట్టిన తేదీ. మేం 5-7 అని రాస్తే జూలై 5. ఎక్సెల్ అమెరికా పద్ధతి సెట్టింగులో ఉంటే అదే మే 7 అవుతుంది. ఏడాది గడువు మే 7తోనే ముగిసినట్టు లెక్కపడి, మరుసటి జూన్‌లో బుద్ధిగా బాకీ తీర్చిన రైతు గడువు దాటినవాడిగా కనపడతాడు. 25-7 లాంటి తేదీని కంప్యూటర్ తీసుకోదు కాబట్టి తప్పు బయటపడుతుంది. 12వ తేదీ దాకా ఉన్నవి మాత్రం ఏ అడ్డూ లేకుండా లోపలికి వెళ్లిపోతాయి. వీటిని తేదీల వారీగా విడదీసి రోజువారీ లావాదేవీలు రాసిన పాత డే బుక్‌తో సరిచూడటం ఒక్కటే మార్గం.

'ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల మొత్తాల పట్టీ) కుదిరింది కదా' అని అధికారులు అంటారు. మొత్తాలు కుదరడం అవసరమే, అది చాలదు. ఒకరు కట్టిన పదివేలు ఇంకొకరి ఖాతాలో పడినా మొత్తం మారదు. సంఘం పుస్తకం బాగుంటుంది, ఆడిటర్ సంతకం పెడతాడు, ఇద్దరు సభ్యుల లెక్క తప్పే ఉంటుంది. ఆ తప్పు పట్టగలిగేది ఆ ఇద్దరే. చీటీ ఇవ్వమని ఇంతగా అడగడం అందుకే. నోటీసు బోర్డు మీద అందరి అప్పులూ అతికించమని అనడం లేదు, అది మర్యాద కాదు. ఎవరిది వాళ్ల చేతికి, తెలుగులో, తండ్రి లేదా భర్త పేరుతో సహా ఇవ్వాలి. చదువు రానివాళ్లకు చదివి వినిపించాలి.

ఇక ఎప్పుడు మార్చాలి అన్నది. సంవత్సరం లెక్కలు ముగుస్తాయి కదా అని మార్చి 31 పెట్టడం పైవాళ్లకు సులువు. మా డెల్టాలో ఆ వారాల్లో కౌంటర్ దగ్గర ఊపిరాడదు. అప్పుల రెన్యువళ్లు, వసూళ్లు, వెనకే దాళ్వా (రబీ వరి) కోతలు. జూన్, జూలైల్లో సార్వా (ఖరీఫ్ వరి) అప్పులు, ఎరువుల కోసం క్యూలు. నవంబర్ నుంచి ధాన్యం కొనుగోళ్లు. కాస్త తెరిపి దొరికేది సెప్టెంబర్‌లోనే. నన్నడిగితే సెప్టెంబర్ నెలాఖరు నిల్వలతో మారడం మేలు, అర్ధసంవత్సరం లెక్కలు ఎలాగూ అప్పుడు తీస్తాం. ప్రాంతాన్ని బట్టి పంట కాలం మారుతుంది. తేదీ జిల్లాకు వదిలేయాలి, రాష్ట్రమంతటికీ ఒకటే పెట్టకూడదు.

ముందే తేదీ ఖాయం చేసి పనిని దానికి కుదించడం ఎంత ప్రమాదమో బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు చూసింది. 2018 ఏప్రిల్‌లో దాదాపు 50 లక్షల మంది ఖాతాదారుల వివరాలను ఒక్క వారాంతంలో కొత్త వ్యవస్థకు మార్చింది. లక్షలమందికి తమ ఖాతా తెరుచుకోలేదు. కావాల్సిన ముగింపు తేదీ నుంచి వెనక్కి లెక్కవేసి ప్రణాళిక రాసుకున్నారని విచారణలో తేలింది. 2022లో అక్కడి నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్లు జరిమానా వేశాయి. అంతదూరం ఎందుకు, తెలంగాణలో ధరణి వచ్చినప్పుడు పాత రికార్డుల తప్పులు పోర్టల్‌లో కనపడ్డాక వాటిని దిద్దించుకోవడానికి రైతులు ఎన్నాళ్లు తిరిగారో అందరికీ తెలుసు.

ఈ పని చేయాల్సిన సొసైటీ సిబ్బంది ఎంతమంది? చాలాచోట్ల ఇద్దరు ముగ్గురే. వాళ్లే అప్పులివ్వాలి, ఎరువుల బస్తాలు అమ్మి ఈ-పాస్ యంత్రంలో వేలిముద్ర వేయించాలి, సాయంత్రం పాత లెక్కలు ఎక్కించాలి. ఎన్ని సంఘాలు 'గో-లైవ్' అయ్యాయని, అంటే కొత్త సాఫ్ట్‌వేర్‌లో పని మొదలుపెట్టాయని, వారం వారం అడిగితే వాళ్లు టెన్షన్‌లో తేడా మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో (ఎవరిదో తేలని మొత్తాలు తాత్కాలికంగా వేసే ఖాతా) వేసి ముందుకు పోతారు. అలా వేసినవి తర్వాత ఎవరూ విప్పరు, నా సర్వీసులో చాలా చూశాను. కాబట్టి సస్పెన్స్ ఖాతాలో ఉన్న ప్రతి పద్దుకూ కారణం రాయించనిదే ఏ సంఘాన్నీ పూర్తయినట్టు చూపకూడదు. ఆ కొద్ది నెలలూ లెక్కలు తెలిసిన రిటైరైన ఉద్యోగులను గౌరవ వేతనంతో పిలిస్తే చాలామంది సంతోషంగా వస్తారు, పాత చేతిరాతలు చదవగలిగేది కూడా వాళ్లే.

ముందు ఒక నకలు మీద మొత్తం మార్పిడి చేసి, సభ్యుల లెక్కలు కొన్నింటిని పాత లెడ్జర్ పేజీతో పోల్చి చూడాలి. అసలు మార్పు తర్వాత కనీసం ఒక పంట కాలం రెండు చోట్లా లెక్క రాయాలి. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న సంఘాల్లో అది చూడటానికైనా అందుబాటులో ఉండాలి. లెడ్జర్లను మాత్రం దయచేసి పాత కాగితాల కింద అమ్మనివ్వకండి.

జిల్లా సహకార అధికారి, జిల్లా సహకార బ్యాంకు కలిసి ఒక ఉత్తర్వు ఇస్తే ఈ చీటీలు వచ్చే సర్వసభ్య సమావేశంలోనే పంచవచ్చు. అభ్యంతరం చెప్పడానికి సభ్యుడికి నెల రోజులు గడువు ఇచ్చి, చెప్పినవాటిని లిఖితపూర్వకంగా పరిష్కరించి, ఆ తర్వాతే డేటా ఖాయమైందని కార్యదర్శి చేత సంతకం చేయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సహకార సంఘం విశ్రాంత కార్యదర్శి,
పశ్చిమ గోదావరి జిల్లా.
(పేరు ప్రచురించవద్దని మనవి)