మా పదజాబితా మార్గదర్శినిని తిరగరాసి ఇచ్చిన మిత్రులకు కృతజ్ఞతలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగువారం కలిసి నడుపుకొంటున్న తెలుగు పదజాబితా ప్రాజెక్టు సబ్‌వర్షన్ నుంచి గిట్‌కు (రెండూ ఫైళ్లలో ఎవరు ఏమి మార్చారో నమోదు చేసి దాచే సాఫ్ట్‌వేర్లే) మారిన తరువాత, కొత్తగా చేరేవారి కోసం ఉన్న కంట్రిబ్యూటర్ గైడ్‌ను మొదటి పుట నుంచి తిరగరాయవలసి వచ్చింది. ఆ పని ఇప్పుడు పూర్తయింది. పూర్తి చేసినవారిలో ఎవరూ ఒక్క రూపాయి తీసుకోలేదు. ఉద్యోగాలు, చదువులు, ఇంటి పనులు చూసుకొని, మిగిలిన వేళల్లో కూర్చొని చేశారు. ప్రాజెక్టు నిర్వహణ చూసేవారిలో ఒకరిగా వారికి నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకోవడం నా బాధ్యత. తమ పేర్లు బయటపెట్టవద్దని వారు కోరినందువల్ల, చేసిన పనిని బట్టే ఒక్కొక్కరినీ తలచుకొంటున్నాను.

ప్రాజెక్టు సంగతి తెలియనివారి కోసం కొద్దిగా చెప్పాలి. లిబ్రేఆఫీస్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ అక్షరదోషాలను పట్టి చూపే హన్‌స్పెల్ అనే సాఫ్ట్‌వేర్‌కు ప్రతి భాషకూ ఒక పదాల ఫైలు, ఒక నియమాల ఫైలు కావాలి. మన సరిహద్దు ఊళ్లలో ఇంటా బయటా రోజూ వినబడే తెలుగు మాటలు ఆ పదాల ఫైలులో లేకపోతే, సరిగా రాసినా వాటి కింద ఎర్రగీత పడుతుంది. ఆ మాటలను సేకరించి, సరిచూసి, జాబితాలో చేర్చడమే మా పని. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పి, జనం మాట్లాడే తెలుగు కోసం వాదించిన పర్లాకిమిడిలో ఈ పని జరగడం నాకు గర్వంగానే ఉంటుంది.

సబ్‌వర్షన్ మాకు ఏ లోటూ చేయలేదు. 2000లో మొదలై, తరువాత అపాచీ ఫౌండేషన్ గొడుగు కిందికి చేరిన ఆ పరికరం మా పదాలను ఇన్నేళ్లూ భద్రంగా దాచింది. అయితే దానిలో అసలు భాండాగారం (ఫైళ్లనూ వాటి మార్పుల చరిత్రనూ దాచే చోటు) సర్వరు మీద ఒక్కటే ఉంటుంది, అందులో రాసే అనుమతి మాలో కొద్దిమందికే ఉండేది. మిగిలినవారు కాగితం మీదో వాట్సాప్‌లోనో పదాలు పంపితే, వాటిని మేము మా పేరుతోనే చేర్చేవాళ్లం. ఫలితంగా పదం తెచ్చినవారి పేరు చరిత్రలో ఎక్కడా మిగలలేదు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్ కోసం రాసిన గిట్‌లో, మార్పు రాసినవారి పేరు వేరుగా, దానిని భాండాగారంలో చేర్చినవారి పేరు వేరుగా నమోదవుతాయి. నా దృష్టిలో మారడానికి ఈ ఒక్క కారణమే చాలు. 2019లో ఎల్ఎల్‌వీఎమ్ అనే కంపైలర్ ప్రాజెక్టు, 2020 చివరిలో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మూల కోడు సబ్‌వర్షన్‌ను వదిలి గిట్‌కు వచ్చాయి. ఆ ప్రాజెక్టులకు ఉన్న మనుషుల బలం మాకు లేదు కనుకనే ఇప్పుడు అందిన సాయం విలువ మాకు మరీ ఎక్కువ.

అందరికంటే ముందు చెప్పుకోవలసినవారు గుణుపురంలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మాష్టారు. పాత మార్గదర్శినిలో ఉన్నది ఇంతే: చెక్ అవుట్ చేయండి (ఫైళ్లను సర్వరు నుంచి దించుకోండి), పదం చేర్చండి, కమిట్ చేయండి (మార్పును నమోదు చేయండి). సబ్‌వర్షన్‌లో కమిట్ చేయగానే మార్పు సర్వరుకు వెళ్లిపోతుంది. గిట్‌లో కమిట్ మన కంప్యూటరులోనే ఉండిపోతుంది, పుష్ చేస్తేనే (సర్వరుకు పంపితేనే) బయటకు వెళుతుంది. ఇది తెలిసినవారికి చిన్న విషయంగానే కనిపిస్తుంది. మాష్టారు మాత్రం తన విద్యార్థులను పక్కన కూర్చోబెట్టుకొని, వారికి ఏమీ చెప్పకుండా, ముసాయిదా చదివి పని చేయమని, వారు ఎక్కడ ఆగుతున్నారో ఒక నోటుపుస్తకంలో రాసుకొన్నారు. చాలామంది కమిట్ అయిందన్న సందేశం చూసి, పని ముగిసిందనుకొని లేచిపోయారు. ఒక అమ్మాయి మాత్రం బ్రౌజరు తెరిచి తన పదం కోసం వెతికి, కనబడక, మళ్లీ అదే పదాన్ని ఇంకోసారి చేర్చింది. ఆ నోటుపుస్తకాన్ని బట్టే మూడో అధ్యాయం మొత్తం తయారయింది. ప్రతి మెట్టు దగ్గరా మీ మార్పు ఇప్పుడు ఎక్కడ ఉందో చెప్పే ఒక వాక్యం ఉంటుంది: మీ ఫోల్డరులో ఉంది, మీ స్టేజింగులో (కమిట్‌కు సిద్ధం చేసిన మార్పులుండే చోట) ఉంది, మీ కంప్యూటరులోని చరిత్రలో ఉంది, సర్వరు మీద మీ బ్రాంచిలో (మీ పనికి విడిగా ఉన్న శాఖలో) ఉంది, పరిశీలకుల ముందు ఉంది. ఇంత ఓపికగా రాసిన గైడు నేను మరెక్కడా చూడలేదు.

పదాల ఫైలు గురించి రాయగడలో ఇంజనీరింగు చదువుతున్న ఒక విద్యార్థిని చేసిన పని విడిగా చెప్పాలి. హన్‌స్పెల్ పదాల ఫైలులో మొదటి పంక్తిలో మొత్తం పదాలు సుమారుగా ఎన్నో ఒక అంకె ఉంటుంది. పాత పద్ధతిలో పదం చేర్చిన ప్రతివారూ ఆ అంకెను కూడా పెంచాలి. గిట్‌లో ఒకేసారి పదిమంది పది బ్రాంచీలలో పని చేస్తారు. పదిమందీ అదే మొదటి పంక్తిని వేర్వేరు అంకెలుగా మార్చితే, మొదటివారిది చేర్చగానే మిగిలిన తొమ్మిదిమందికీ కాన్‌ఫ్లిక్ట్ (ఒకేచోట రెండు మార్పులు ఢీకొనడం) వస్తుంది. పదాలను ఫైలు చివర చేర్చినా అదే గొడవ. ఆమె సూచన ఏమిటంటే, మనుషులు దిద్దే ఫైలులో అసలు ఆ అంకే ఉండకూడదు. విడుదల తయారుచేసే స్క్రిప్టే లెక్కపెట్టి పైన పెట్టాలి. పదాలు అకారాది క్రమంలో ఉండాలి, అప్పుడు ఎవరి పదం వారి చోటికి వెళ్లి పడుతుంది. రెండువైపుల పంక్తులనూ అలాగే ఉంచేసే యూనియన్ మెర్జ్ అనే ఏర్పాటు గిట్‌లో ఉంది కదా అని మాలో కొందరు అడిగారు. అలా చేస్తే ఒకే పదం రెండుసార్లు మిగిలిపోతుందని, తప్పు దిద్దినప్పుడు పాత రూపం కూడా తిరిగి వచ్చి కూర్చొంటుందని ఆమె ఉదాహరణతో చేసి చూపించింది. అప్పటి నుంచి కాన్‌ఫ్లిక్టుల గురించిన అధ్యాయం పొడవు సగానికి తగ్గింది, ఎందుకంటే చెప్పవలసిన కాన్‌ఫ్లిక్టులే తగ్గాయి.

కాశీనగరం వైపు నుంచి పని చేసే మిత్రుడు మరొక విషయం పట్టుకొన్నాడు. అక్కడ కొండల మధ్య సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. సబ్‌వర్షన్ చెక్ అవుట్ మధ్యలో తెగిపోయినా, తరువాత అప్‌డేట్ చేస్తే ఆగిన చోటి నుంచి సాగుతుంది. గిట్ క్లోన్ (భాండాగారాన్ని మన కంప్యూటరులోకి కాపీ చేసుకోవడం) తెగిపోతే మళ్లీ మొదటి నుంచే రావాలి, పైగా అది చరిత్రనంతా వెంట తెస్తుంది. దీనికి అతడు రెండు దారులు రాసి ఇచ్చాడు. తొందరగా పదం చేర్చాలనుకొనేవారు డెప్త్ 1తో క్లోన్ చేసుకోవచ్చు, అప్పుడు తాజా రూపం మాత్రమే దిగుతుంది. మొత్తం చరిత్ర కావలసినవారికి గిట్ బండిల్ ఉంది: భాండాగారం మొత్తం ఒకే ఫైలుగా మారుతుంది, దానిని పెన్‌డ్రైవులో తెచ్చుకొని అందులో నుంచే క్లోన్ చేసుకోవచ్చు. ఇలా చేసినప్పుడు ఆరిజిన్ చిరునామా (కాపీ ఎక్కడి నుంచి వచ్చిందో గిట్ గుర్తుపెట్టుకొనేది) పెన్‌డ్రైవులోని ఫైలునే చూపుతుంది కనుక, రిమోట్ సెట్ యూఆర్ఎల్ ఆదేశంతో దానిని సర్వరు చిరునామాకు మార్చాలన్న మెట్టును కూడా అతడు మరచిపోకుండా చేర్చాడు. ఆ తరువాత ఫెచ్ చేస్తే కొత్తగా వచ్చిన మార్పులు మాత్రమే దిగుతాయి, కాబట్టి సన్నని సిగ్నలు కూడా సరిపోతుంది. నగరాలలో ఉండి గైడ్లు రాసేవారికి ఈ అధ్యాయం అవసరమే తట్టదు. మాకు ఇది లేకపోతే సగంమంది బయటే ఉండిపోయేవారు.

మా ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటాయి: వంటిల్లు, వ్యవసాయం, చేపలు, పండుగలు. ఏ ఫైళ్లు మారాయో చూపే గిట్ స్టేటస్ అడిగితే వంటిల్లు అన్న పేరుకు బదులు 340, 260, 265 అంటూ వరుసగా అంకెలు కనిపించేవి. ఫైలు పాడయిందని భయపడి ఫోల్డరు మొత్తం తీసేసినవారు కూడా ఉన్నారు. ఆ అంకెలు తెలుగు అక్షరాల యూటీఎఫ్-8 (అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతి) బైట్లేనని, కోర్ కోట్‌పాత్ అనే అమరికను ఫాల్స్ చేస్తే పేర్లు తెలుగులోనే కనబడతాయని బరంపురం నుంచి ఒక పెద్దాయన రాసి పంపారు. ఆ ఒక్క పంక్తి ఇప్పుడు గైడులో అన్నిటికంటే ముందు, ఇన్‌స్టాల్ చేసే మెట్టు పక్కనే ఉంది. సబ్‌వర్షన్‌లో పంక్తి ముగింపుల కోసం మేము పెట్టుకొన్న ఈఓఎల్ స్టైల్ ప్రాపర్టీలు గిట్‌లోకి రాలేదని, అందువల్లనే విండోస్ వాడేవారు ఒక పదం మార్చినా ఫైలు మొత్తం మారినట్టు కనిపిస్తోందని గుర్తించి, పంక్తి ముగింపుల నియమాలు చెప్పే గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలు రాసి ఇచ్చినవారు కూడా వారే. అడగకుండానే చేశారు.

పాత చర్చలలో ఫలానా సవరణ చూడండి అని, సబ్‌వర్షన్ ప్రతి మార్పుకూ ఇచ్చే వరుస నంబర్లు రాసుకొన్నవి మాకు చాలా ఉన్నాయి. గిట్‌లో ఆ వరుస నంబర్లు ఉండవు, ప్రతి కమిట్‌కూ గుర్తుగా నలభై అక్షరాల హ్యాష్ ఉంటుంది. మార్పిడిని నడిపించిన జయపురం మిత్రులు ప్రతి కమిట్ సందేశం చివర పాత నంబరు ఉండే గిట్ ఎస్‌వీఎన్ ఐడీ పంక్తిని తొలగించకుండా ఉంచినందువల్ల, పాత నంబరుతో వెతికితే నేటికీ ఆ మార్పు దొరుకుతుంది. ఎలా వెతకాలో అనుబంధంలో రాశారు. పాత కమిట్ల యూజరు పేర్లను అసలు పేర్లకూ ఈమెయిళ్లకూ జతపరిచే ఆథర్స్ ఫైలు కోసం వారు ఒక్కొక్కరికీ ఫోను చేసి, అనుమతి అడిగి, పేరు ఎలా రాయాలో కనుక్కొన్నారు. వేరే ఊళ్లకు వెళ్లిపోయినవారిని కూడా వదలలేదు.

కంప్యూటరు లేనివారు చెప్పిన పదాలను వారి పేరుతోనే చేర్చడం ఎలాగో వివరించే పుటను ఇద్దరు అక్కచెల్లెళ్లు రాశారు. వీరు పర్లాకిమిడిలోనే ఉంటారు. ఒడియా మాధ్యమంలో చదువుకొని, తెలుగు చదవడం ఇంట్లో నేర్చుకొన్నవారు. పదం చెప్పినవారిని ముందుగా అడిగి, వారు ఒప్పుకొంటే ఆథర్ స్థానంలో వారి పేరు, కమిట్ చేసినవారి స్థానంలో మన పేరు వచ్చేలా చేయాలని, ఒప్పుకోకపోతే ఊరి పేరు కూడా రాయకూడదని వారు స్పష్టంగా రాశారు. ఈ రెండో నియమం నా ముసాయిదాలో లేదు, వారు చెప్పాకనే దాని అవసరం నాకు తెలిసింది. నేడు మా చరిత్ర తెరిస్తే చేపల పేర్లు చెప్పిన అత్తగారి పేరు, నాగలి భాగాల పేర్లు చెప్పిన రైతు పేరు వారి వారి మాటల పక్కనే కనిపిస్తున్నాయి. ఇందుకు ఆ అక్కచెల్లెళ్లకు నేను ఎంతగానో రుణపడి ఉన్నాను.

ఈ మార్గదర్శిని ఒడియా పాఠంలో బండిల్ అధ్యాయం, అనుబంధం ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిని ఆ అక్కచెల్లెళ్లే మొదలుపెట్టారు. సరిచూడడానికి బరంపురం పెద్దాయన ఒప్పుకొన్నారు. బండిల్ ఫైలును ప్రతి నెలా కొత్తగా తయారుచేసే బాధ్యత కాశీనగరం మిత్రుడు తీసుకొన్నాడు. పెన్‌డ్రైవు తెచ్చుకొన్నవారికి గుణుపురం మాష్టారు తన తరగతి గదిలో కాపీ చేసి ఇస్తారు. వీరందరికీ మా ప్రాజెక్టు తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.